ఖాళీ పళ్ళెం ఊరికే రాదు

బ్లూ బేర్ కొండ,
జూన్ 15, 2009

అమ్మమ్మా,

పళ్ళేలు విసురుకుని బతికేవాడు అన్నావు నన్ను నిన్న ఫోన్లో. అనేసి టక్కున పెట్టేశావు. నా సమాధానం వినవా? మళ్ళీ చేద్దామంటే ఇక్కడ ఆఫీసులో ఉన్నది ఒకటే ఫోను. ఈ కొండ ఓనరు వాల్ట్ దాన్ని పట్టుకుని ఎవరితోనో గొడవ పడుతున్నాడు. రాత్రి చేస్తే నాన్న ఎత్తుతాడు. అందుకే ఉత్తరం. నాకు తెలుగు రాయడం నేర్పింది నువ్వే, అనుభవించు.

అవి పళ్ళేలు కావు. డిస్కులు. చలికాలం ఈ కొండ మీద మంచులో జారతారు. ఎండాకాలం మంచుండదు, జారేవాళ్ళుండరు, గడ్డి మాత్రం మొలుస్తుంది. ఆ జారుడు వాలు మీదే డిస్క్ గోల్ఫ్ పెట్టారు. పేరుకి గోల్ఫే గానీ బంతీ లేదు, కర్రా లేదు, గుంటా లేదు. గుంట బదులు ఇనప స్తంభానికి ఒక బుట్ట, దాని మీద గొలుసులు. లిఫ్ట్ కుర్చీలో పైకెళ్ళి, డిస్క్ విసురుకుంటూ బుట్ట నుంచి బుట్టకి కిందికి దిగాలి. ఎవడు తక్కువసార్లు విసిరితే వాడు గొప్ప. పైనుంచి విసిరామనుకో, అది గద్దలాగా గాల్లో నిలబడిపోతుంది. ఒక్కోసారి దిగడమే మర్చిపోతుంది. చివరికి గొలుసుల్లో పడి ఘల్లుమంటుంది చూడు, ఆ చప్పుడు కోసమే నేను పొద్దున్నుంచి గడ్డి కోస్తా, లిఫ్ట్ నడుపుతా, బుట్టల్లో ఉడతలు కట్టిన గూళ్ళు పీకుతా.

నాన్న లేబర్ డే దాకా, అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం సెలవు దాకా, గడువిచ్చాడు. ఆ తర్వాత తిరుపతయ్య అంకుల్ ఇంటి కింద బేస్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు. స్కూలు మధ్యలో మానేసినవాడికి అంతకన్నా ఏం దొరుకుతుందంటాడు. ఆ బేస్‌మెంట్‌కి కిటికీ కూడా లేదమ్మమ్మా. వాల్ట్ కూడా అదే రోజు పట్టుకున్నాడు. లేబర్ డే టోర్నమెంట్‌కి కొండ నిండితే ఆట ఉంచుతాడు, నన్ను దానికి మేనేజర్ని చేస్తాడు, చలికాలం కూడా ఉద్యోగమే. నిండకపోతే బుట్టలు పీకించి పెళ్ళిళ్ళకి టెంట్లేస్తాడట. పోయిన వారం ఆడేవాళ్ళకన్నా జింకలే ఎక్కువొచ్చాయి.

ఇంకో మాట. డిస్క్ వెనక పేరూ ఫోన్ నంబరూ రాసుకోవడం ఇక్కడ ఆచారం. పొదల్లో పోతే, దొరికినవాడు ఫోన్ చేసి తెచ్చిస్తాడు. నువ్వు స్టీలు కంచాల మీద తాతయ్య పేరు కొట్టించలేదూ, అలాగే. ఇక్కడ నా సెల్‌కి సిగ్నల్ రాదు కాబట్టి ఇంటి నంబరు రాశాను. పగలు ఇంట్లో ఉండేది నువ్వే కదా. ఎవరైనా చేస్తే అడ్రస్ చెప్పు, తెచ్చిస్తే తీసుకో, నా గదిలో పడెయ్. అంతే. ఇంకేం చేయకు. నాన్నకి చెప్పకు.

కోపం తగ్గని,
రఘు


ఆష్‌బర్న్,
జూన్ 25

రఘూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి కళ్ళజోడుతో. రెండుసార్లూ పళ్ళేలనే తేలింది.

మొన్న మధ్యాహ్నం ఒకాయన ఫోన్ చేశాడు. నీ పేరు చెప్పాడు. అడ్రస్ చెప్పాను. ఈ ఊరి మీదుగానే ఇంటికెళ్తున్నాడట, కాసేపటికి వాకిట్లో ఉన్నాడు. తలుపు నిండా మనిషి. ఆ గడ్డంలో పిచ్చుకలు కాపురం పెట్టొచ్చు. చేతిలో నారింజ రంగు పళ్ళెం, వెనక నీ పేరు. ఖాళీది.

పొదల్లో దొరికిందట! ఎవరికి చెబుతావురా? మీ తాతయ్య కూడా ఇంతే. నాతో పోట్లాడి ఆఫీసుకి పోయినరోజు నోరు విప్పేవాడు కాదు. పన్నెండింటికి అటెండరు చేత ఖాళీ క్యారేజీ పంపేవాడు. అదే ఆయన రాజీ. నేను నింపి పంపేదాన్ని. సాయంత్రానికి ఇద్దరం మామూలే. ఆ వీరభద్రరావుగారి మనవడివి కాబట్టి నువ్వూ ఆకలేస్తోందని అడగలేక ఇంత కథ అల్లి, ఖాళీ పళ్ళెం మనిషి చేత పంపావు. నాకు తెలీదనుకున్నావా?

పళ్ళెం శుభ్రంగా తోమి, అల్లం పచ్చిమిర్చి వేసి గారెలు చేసి, నిండా పేర్చి పైన రేకు కప్పి ఇచ్చాను. నా ఇంగ్లీషు నీకు తెలుసుగా. "రఘు. మౌంటెన్. యూ టేక్" అన్నాను. ఆయన గుండె మీద చెయ్యేసుకుని "మేమ్, మేమ్" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మంచివాడిలా ఉన్నాడు. గారెలు మెత్తగా అందాయా? ఈసారి చట్నీకి మూతున్న గిన్నె కూడా పంపు.

పాత కోపం మర్చిపోయిన,
అమ్మమ్మ


బ్లూ బేర్ కొండ,
జూలై 3

అమ్మమ్మా,

ఏ గారెలు?

నాకు గారె కాదు, గారె వాసన కూడా అందలేదు. ఆయన పేరు గ్యారీ. నువ్వు చెప్పింది ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మన ఇంటి ముందే ట్రక్కు బానెట్ మీద పెట్టుకుని మొత్తం తినేశాడు. శనివారం వచ్చి లిఫ్ట్ దగ్గర లైన్లో ఉన్నవాళ్ళందరికీ చేతులు తిప్పుతూ చెప్పాడు. డిస్క్ తెచ్చిస్తే ఇక్కడ ఎవడైనా ఇచ్చేది "థాంక్స్ మ్యాన్" ఒక్కటే. గారెలు ఇచ్చినవాళ్ళు లేరు. దాని మధ్యలో చిల్లెందుకు అని నన్నడిగితే ఏం చెప్పాలి? చక్రంలా దొర్లిపోకుండా అని చెప్పా. నమ్మేశాడు.

నేను ఖాళీ పళ్ళెం పంపలేదు. నాకు ఆకలి లేదు. రాజీ అంతకన్నా లేదు. అది నిజంగానే పొదల్లో పోయింది! పై వాలు మీంచి విసిరితే గాలికి మళ్ళి లోయవైపు అడవిలోకి వెళ్ళిపోయింది. ఆ నారింజ డిస్క్ నాకు ప్రాణం. దాంతో ఒక్క విసురుకే బుట్టలో వేశాను ఒకసారి, ఎవరూ చూడలేదు గానీ వేశాను. టోర్నమెంట్‌కి అది కావాలి. గ్యారీని అడిగితే "మీ అమ్మమ్మగారి ప్లేటు కదా, ఖాళీగా ఎలా ఇస్తాను, మా ఆవిడ ఏదో చేస్తోంది" అంటున్నాడు.

ఇకమీదట ఎవడైనా తెచ్చిస్తే తీసుకుని తలుపేసెయ్. ప్లీజ్.

రఘు

తా.క. గారెలు మిగిలాయా?


ఆష్‌బర్న్,
జూలై 14

రఘూ,

వాకిట్లోకి వచ్చినవాడి ముఖాన తలుపు వెయ్యమని నాకు చెప్పగలిగావు. బాగా పెంచాను.

గ్యారీ గురించి తప్పుగా రాశావు. ఆయన వచ్చాడు. నీ పళ్ళెంలో వాళ్ళావిడ చేసిన ‘ఆపిల్ పై’, ఆపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె, పెట్టి తెచ్చాడు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్న సంస్కారం వాళ్ళకీ ఉంది, నీకే లేదు. ఆయన అది ఇచ్చాక నేను ఊరుకుంటే ఏం మర్యాద? సున్నుండలు పెట్టి పంపాను. కాబట్టి నీ నారింజ పళ్ళెం మళ్ళీ ఆయన దగ్గరే ఉంది. అది నా తప్పు కాదు, పద్ధతి.

ఆ తర్వాత పచ్చది పట్టుకుని ఒక కుర్రాడొచ్చాడు. పులిహోర. నీలం రంగుది ఇద్దరు మొగుడూపెళ్ళాలు తెచ్చారు, కారంగా ఉంటే ఇంకా ఇష్టమన్నారు, ఆవకాయ పెట్టాను, తర్వాత నీళ్ళడిగారు. ఎన్ని పోగొడతావురా? ఆ చేతులకి చిల్లులా?

అసలు సంగతి విను. గ్యారీ సోఫాలో కూర్చుని సున్నుండ తింటుండగా మీ నాన్న ఆఫీసు నుంచి పెందలాడే వచ్చేశాడు. అయిపోయిందనుకున్నాను. కానీ మీ నాన్న ఆయన్ని చూసి, కింద బాత్‌రూమ్ పైపు కారుతోందని పిలిపించిన మనిషనుకుని తిన్నగా కిందికి తీసుకెళ్ళాడు. ఈయనకీ ఏం అర్థమైందో, చొక్కా చేతులు మడిచి పైపు బాగుచేసి పైకొచ్చి చెయ్యి కడుక్కుని మిగతా సున్నుండ తిన్నాడు. "ఈ దేశంలో ఇలాంటి పనివాణ్ణి చూళ్ళేదత్తయ్యా" అని మీ నాన్న ఇప్పటికీ అంటున్నాడు.

అమ్మమ్మ


బ్లూ బేర్ కొండ,
ఆగస్టు 4

అమ్మమ్మా,

కొంప మునిగింది. నిండా మునిగింది, కాకపోతే జనంతో.

ఇక్కడ ఎవడూ ఆట ఆడట్లేదు. అందరూ నా డిస్కులు వెతుకుతున్నారు. రిచ్‌మండ్ నుంచి ఒక వ్యాన్ వేసుకుని వచ్చారు, ఒక్కడి చేతిలో డిస్క్ లేదు, అందరి చేతుల్లో కర్రలున్నాయి పొదలు కదపడానికి. లిఫ్ట్ నిండా మనుషులే. టోర్నమెంట్‌కి పేర్లిస్తున్నారు, వాల్ట్ నోరు తెరుచుకుని రాసుకుంటున్నాడు. ఇంతమందికి ఉన్నట్టుండి ఆటపిచ్చి ఎందుకు పట్టిందో ఆయనకి అర్థం కావట్లేదు. నేను చెప్పలేదు.

కానీ నా గతి చూడు. నేను విసరడానికి నిలబడితే చాలు, వాలు కింద పదిమంది క్యాచ్ కోసం నిలబడ్డట్టు నిలబడుతున్నారు. నిన్న నా డిస్క్ నేల తాకకముందే ఒకడు ఎగిరి పట్టుకుని "దొరికింది!" అని కారు దగ్గరికి పరిగెత్తాడు. పోలేదురా, ఆటలో ఉందిరా అంటే వినడే! నాకు ఒక్క డిస్క్ మిగల్లేదు. వాల్ట్ దగ్గర అద్దెది తీసుకుని ఆడుతున్నా, దాని మీద కుక్క పళ్ళ గాట్లున్నాయి.

నువ్వు వంట ఆపెయ్యి. వాళ్ళు ఎలాగూ పేర్లిచ్చేశారు. నువ్వు ఆపితే బుద్ధిగా ఆట ఆడతారు. నీ వంట వల్ల నా ఆట పోతోందమ్మమ్మా. చేతులెత్తి దండం పెడుతున్నా.

రఘు


ఆష్‌బర్న్,
ఆగస్టు 13

రఘువీర్‌కి,

పొయ్యి ఆపేశాను.

నా వంట వల్ల నష్టపోయినవాడివి నువ్వొక్కడివే. ఇప్పటిదాకా తిన్నవాళ్ళెవరూ ఆ మాట అనలేదు. మీ అమ్మ రాగిణి, మీ నాన్న పొద్దున పోతే పొద్దుపోయాకే వస్తారు. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే, అదీ తలుపు తెరిచిపెడితేనే కూస్తుంది. నలుగురు వస్తున్నారు, తింటున్నారు, "అమ్మమ్మా" అని పిలవడం కూడా నేర్చుకున్నారు అనుకున్నాను. సరే.

ఇప్పుడు ఫోన్ చేసినవాళ్ళకి "నో. కీప్ ఇట్" అంటున్నాను. ఒకడు ఫోన్లోనే ఏడ్చినంత పని చేశాడు.

మీ నాన్న తిరుపతయ్యగారికి నీ పేరిచ్చాడు. లేబర్ డే మర్నాడే బ్యాచ్ మొదలట. నీకు కొత్త చొక్కాలు కొన్నారు. కాలరున్నవి.

అన్నపూర్ణ


బ్లూ బేర్ కొండ,
ఆగస్టు 21

అమ్మమ్మా,

అన్నపూర్ణ అని సంతకం పెట్టావు. చదివి ఇక్కడ గడ్డిలో కూలబడ్డాను. అంత పెద్ద మాటనా?

విను. నువ్వు "నో" అన్న శనివారం నుంచి జనం రావట్లేదు. పేర్లిచ్చినవాళ్ళు వెనక్కి తీసుకుంటున్నారు. లిఫ్ట్ ఖాళీ కుర్చీలు తిప్పుతోంది. వాల్ట్ టెంట్ల కంపెనీకి ఫోన్ చేశాడు, నేను విన్నాను. గ్యారీ వచ్చి ముఖం వేలాడేసి "అమ్మమ్మకి ఒంట్లో బాలేదా?" అన్నాడు. కాదు, నేనే నోరు జారానన్నాను. ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు. ఆఫీసు బల్ల మీద నీ పేరున ‘తొందరగా కోలుకోండి’ అని రాసిన కార్డులు కట్టగా ఉన్నాయి. ఒకదాని మీద ఎవడో గారె బొమ్మ వేశాడు, చిల్లుతో సహా.

నాది తప్పు. ఆట కోసం వస్తారనుకున్నా. ఆట ఎక్కడైనా ఉంది, పార్కుల్లో ఊరికే ఆడుకోవచ్చు. ఇంత దూరం ఈ కొండకి వచ్చింది నీ కోసం.

లేబర్ డేకి నువ్వు ఇక్కడికి రావాలి. ఇక్కడే, కొండ కింద, అందరి ముందూ వెయ్యాలి గారెలు. పెద్ద గ్యాస్ పొయ్యి ఉంది. నువ్వు వస్తున్నావని ఆఫీసు తలుపుకి కాగితం అంటించెయ్యనా? కారు నడిపేది నాన్నే, అదొక్కటే గొడవ. డిస్క్ గోల్ఫ్ అన్న మాట వింటే యూటర్న్ కొడతాడు. ఏదో ఒకటి చెప్పి తీసుకురా. నాకా బేస్‌మెంట్ వద్దమ్మమ్మా. నిజంగా వద్దు.

నీ మనవడు (ఇంకా అవునుగా?),
రఘు


ఆష్‌బర్న్,
ఆగస్టు 28

రఘూ,

కాగితం అంటించు. కింద నా షరతులు కూడా రాయి. పొయ్యికి గాలి తగలకూడదు. నూనె కొత్తది కావాలి. ఆ కదిలే కుర్చీ నన్నెక్కమనకూడదు.

మీ నాన్నకి ఒక్క అబద్ధమూ చెప్పలేదు. మన పైపు బాగుచేసిన గ్యారీగారు కొండ మీద భోజనానికి పిలిచారని చెప్పాను. పిలిచాడు కూడా, నేను ఫోన్ చేసి పిలిపించుకున్నాను. "ఆయన పిలిస్తే వెళ్ళకపోతే ఎలా అత్తయ్యా, డబ్బులు కూడా తీసుకోలేదు" అన్నాడు. మినప్పప్పు మూటలు ఇంతెందుకని అడిగాడు. వట్టి చేతుల్తో వెళ్తామా అన్నాను. అల్లుడుగారు అన్నీ మోసుకెళ్ళి డిక్కీలో పెట్టాడు.

అది నీ కొండే అని అక్కడ దిగాక తెలుస్తుంది. తెలిశాక ఆయన్ని లిఫ్ట్ ఎక్కించు. పైకెళ్ళాక ఎలాగూ కిందికి రావడానికి టైం పడుతుంది.

ఎప్పటికీ నీ
అమ్మమ్మ


బ్లూ బేర్ కొండ,
సెప్టెంబర్ 8

అమ్మమ్మా,

గ్యారీ నిన్ను జాగ్రత్తగా ఇంటికి దింపాడా? నాన్న ఎందుకు నీతో రాలేదని కోప్పడి ఉంటావు. నువ్వు కింద గారెలు వేస్తున్నావు కాబట్టి పైన జరిగింది నీకు తెలీదు. చెబుతా విను.

నీ సలహా ప్రకారం నాన్నని లిఫ్ట్ ఎక్కించాను. దారి పొడుగునా కుర్చీలో నన్ను తిడుతూనే ఉన్నాడు. పైన దిగాడు, వాలు చూశాడు, కొంచెంసేపు తిట్టడం మర్చిపోయాడు. తర్వాత నా చేతిలో డిస్క్ లాక్కుని "ఇందులో ఏముందిరా, నేను గుడివాడ కాలేజీకి బౌలింగ్ వేసినవాణ్ణి" అని విసిరాడు. అది ముందుకు పోలేదు. పక్కకి తిరిగి లిఫ్ట్ స్తంభానికి కొట్టుకుని, నిలువుగా నేల మీద పడి, చక్రంలా దొర్లడం మొదలెట్టింది. కొండంతా దొర్లింది. అదే వచ్చి నీ పొయ్యి కింద దూరితే "ఎవడ్రా వెధవ!" అని అరిచావు చూడు, ఆ వెధవ నీ అల్లుడుగారు.

"గాలి ఎక్కువుంది, ఇంకోటివ్వు" అన్నాడు. ఇంకోటిచ్చా. అది అడవిలోకి పోయింది. ఇంకోటి. చీకటి పడేదాకా అదే వరస. చివరికి ఒకటి కింద బుట్టలో, వేరేవాళ్ళ బుట్టలో, ఘల్లుమని పడింది. నాన్న ముఖం నువ్వు చూడాల్సింది. చుట్టూ ఎవడైనా చూశాడా అని చూసుకున్నాడు. నేను చూశానన్నాను. ఆఫీసుకి లీవు పెట్టి ఇక్కడే ఉండిపోయాడు. రాత్రి నా మంచం మీద ఆయన, నేల మీద నేను. ఆ గురకకి కొండ మీది ఎలుగుబంట్లు ఇంకో కొండకి పోయుంటాయి.

టోర్నమెంట్ నేను గెలవలేదు. గ్యారీ నారింజ డిస్క్ తెచ్చిచ్చాడు, ఈసారి ‘చెర్రీ పై’తో సహా. అది తినేసి ఆ డిస్కుతోనే ఆడాను. ఆఖరి బుట్ట దగ్గర నీ సున్నుండల నెయ్యి చేతికి అంటుకుని డిస్క్ వెనక్కి జారి వాల్ట్ టోపీ ఎగరగొట్టింది. కానీ ఆ టోపీ ఉన్న చోటి నుంచి కింద పార్కింగ్ కనబడుతుంది. ఒక్క కారు పట్టే ఖాళీ లేదు. వాల్ట్ టోపీ తీసుకుని దులుపుకుని, "మేనేజర్, ఆ గడ్డి ఎప్పుడు కోస్తావు?" అన్నాడు. మేనేజర్ అన్నాడమ్మమ్మా.

ఇవాళ పొద్దున తిరుపతయ్య అంకుల్ ఆఫీసు ఫోన్‌కి చేశాడు, బ్యాచ్ మొదలైంది, మీవాడేడీ అని. ఫోన్ నాన్నే ఎత్తాడు. నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నా. నాన్న నావైపు చూడకుండా "వాడు డ్యూటీలో ఉన్నాడండీ" అన్నాడు. అని పెట్టేశాడు. నాకని కొని కార్లోనే ఉంచిన కాలరు చొక్కాలు తనే వేసుకుంటున్నాడు, నాకు ఎలాగూ పొట్టి అట.

తర్వాత ఒక డిస్క్ కొనుక్కుని నన్ను పేరు రాయమన్నాడు. కింద సెల్ నంబరు రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఇంటి నంబరు రాయరా. నా సెల్‌కి చేస్తే గారెలెవరు పెడతారు? ఎవడు తెచ్చిస్తాడు?" అన్నాడు.

అందుకని, అక్టోబర్‌లో ఇండియాకి నీ తిరుగు టికెట్ ఉంది కదా, దాన్ని వాయిదా వేసుకో. నేనడగట్లేదు, నాన్న అడగమన్నాడు. సరే, నేనే అడుగుతున్నా. నువ్వెళ్ళిపోతే ఆ ఫోన్ ఎవరెత్తుతారు?

ఈ ఉత్తరం అట్టపెట్టెలో వస్తుంది, చూసుకో. లోపల నారింజ డిస్క్ ఉంటుంది. ఖాళీది. పొదల్లో పోలేదు, ఎవడికీ దొరకలేదు, నేనే పంపుతున్నా. తాతయ్య క్యారేజీ లాంటిదే. జూన్‌లో నువ్వన్న ఆ పళ్ళేల మాటకి నాకింకా కోపం...

అదిగో, నాన్న ముళ్ళపొదలోంచి అరుస్తున్నాడు. డిస్క్ దొరికిందట, మనిషి ఇరుక్కున్నాడట. వెళ్ళాలి.